దానియేలు సార్ ఆపమన్న చోట

పక్క ఫ్లాటులో మేస్త్రి కొత్తగా పరిచిన టైల్స్‌ను సుత్తి పిడితో తట్టి చూస్తున్నాడు. టక్, టక్, టక్. ఒకచోట మాత్రం డొల్లగా పలికింది. రాస్తున్న వ్యాసం అక్కడే ఆగిపోయింది. మూఢనమ్మకాల మీద ఇది నా ఎన్నో వ్యాసమో లెక్క మరిచిపోయాను. ఒకప్పుడు వేదికెక్కితే గొంతు దానంతటదే లేచేది. ఇప్పుడు కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి. ఆ చప్పుడు వింటుంటే దానియేలు సార్ గుర్తొచ్చారు. ఆయన బొగ్గు గనిలో పద్దెనిమిదేళ్ళు సర్దార్‌గా చేశారు. మనుషులు పనిలోకి దిగే ముందు సర్దార్ కర్రతో పైకప్పును తట్టి వింటాడు. డొల్లగా మోగిన చోటికి ఎవరినీ పోనివ్వడు.

ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి గని మానేశాక ఆయన నలభై దాటిన వయసులో కంప్యూటరు నేర్చుకుని, గోదావరిఖనిలో ఒక మేడ మీద రెండు గదుల ఆఫీసు తెరిచారు. కొత్త శతాబ్దపు తొలి ఏళ్ళవి. ఐదుగురం పనిచేసేవాళ్ళం. గనిలోకి దిగేవాళ్ళు దీపం తీసుకుని, పైకొచ్చాక తిరిగిచ్చే చోటు ల్యాంపు రూము. ఒక గని ల్యాంపు రూము కోసం ప్రోగ్రాం రాసే పని దొరికింది. షిఫ్టులో ఎవరు లోపలికి దిగారు, ఎవరు పైకి వచ్చారు, ఇంకా లోపల ఎవరున్నారు అన్నది తెర మీద చూపించాలి. మేం రాసిన ముక్కలన్నిటినీ కలిపి, పరీక్షించి, ప్యాకేజీ కట్టడానికి ఒక బిల్డ్ టూల్ వాడేవాళ్ళం. దానికి కొన్ని పనులు పుట్టుకతోనే వచ్చు. రాని పనిని మనమే జావా భాషలో ఒక క్లాసుగా రాసి, పేరు పెట్టి నేర్పాలి. దాన్నే కస్టమ్ టాస్క్ అంటారు. ఆ నేర్పే పని నాది.

సార్ నాతో రాయించిన మొదటి టాస్క్ ఒక ఉత్తుత్తి షిఫ్టు. పదిమంది లోపలికి పోతారు, తొమ్మిదిమంది పైకి వస్తారు, ఒకడు డబుల్ డ్యూటీకి లోపలే ఉండిపోతాడు. ప్రోగ్రాం ఆ ఒక్కణ్ణి చూపించాలి. చూపించకపోతే టాస్క్ తప్పు దొరికిందని ఎక్సెప్షన్ విసరాలి, బిల్డ్ అక్కడికక్కడ ఆగిపోవాలి.

"ఆపడమెందుకు సార్, ఒక హెచ్చరిక రాసి ముందుకు పోనిద్దాం" అన్నాను.

"మనిషిని ముందుగాల దించి ఎన్కసిరి కప్పు తడ్తమా తమ్మీ? హెచ్చరిక ఎవడు సదువుతడు? నువ్వు సదువుతవా?"

"చదువుతాను సార్."

"అబద్ధం. నీ వ్యాసాలు నేనే సగం సదివి ఇడిసిపెడ్త" అని దగ్గుతూ నవ్వారు.

ఆయన ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవారు. సోమవారం నేను దేవుడు లేడని వాదించేవాణ్ణి. "ఉన్నడో లేడో ఆయనే సూసుకుంటడు, నువ్వు నీ టాస్క్ సూస్కో" అనేవారు. ఒకరోజు మావాళ్ళలో ఎవరో కంప్యూటరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. నేను వాటిని తెంపి కిటికీలోంచి విసిరేసి, మధ్యాహ్నం దాకా ఉపన్యాసం ఇచ్చాను. సార్ టిఫిన్ డబ్బా మూత పెడుతూ, "అయిపోయిందా? ఇగ పని జేస్తమా?" అన్నారు. అంతే.

వాడకం మొదలైన వారాల్లో గని నుంచి మార్పుల మీద మార్పులు అడిగేవారు. రోజుకు రెండు మూడు ప్యాకేజీలు పంపాలి. షిఫ్టు మారే చోట నేనొక మార్పు చేశాను. అప్పటినుంచి ఆ టాస్క్ బిల్డ్‌ను ఆపడం మొదలుపెట్టింది. తప్పు ప్రోగ్రాంలో లేదు, టాస్క్‌దే చాదస్తం అనుకున్నాను. నిజానికి ఏమీ అనుకోలేదు, విసుగొచ్చింది. ఆ ఎక్సెప్షన్‌ను అక్కడే పట్టేసి, లాగ్‌లో ఒక వాక్యం రాసి ముందుకు పోయేలా మార్చాను. తెర మీద బిల్డ్ విజయవంతం అన్న వరుస వచ్చింది. ప్రాణం హాయిగా ఉంది. సార్‌కు చెప్పలేదు.

నాలుగో రోజు పంపు నడిపే రాజయ్య మొదటి షిఫ్టు అయ్యాక డబుల్ డ్యూటీకి లోపలే ఉండిపోయాడు. మనిషి ఇంటికి రాకపోయేసరికి అతని భార్య లచ్చమ్మ గేటు దగ్గరికి వచ్చి అడిగింది. నేను చేసిన మార్పు వల్ల షిఫ్టు మారగానే ప్రోగ్రాం పాత షిఫ్టు వాళ్ళందరినీ పైకొచ్చినట్టే లెక్కగట్టింది. గుమాస్తా మా తెర చూసి, మొదటి షిఫ్టు వాళ్ళు లోపల ఎవరూ లేరు, రాజయ్య పైకొచ్చి వెళ్ళిపోయాడని చెప్పాడు. ఆమె బస్టాండు, చుట్టాల ఇళ్ళు, కల్లు కాంపౌండు అన్నీ తిరిగి, ఏడుస్తూ మళ్ళీ గేటుకే వచ్చింది. ల్యాంపు రూములోని ముసలాయన రాజయ్య దీపం చోటు ఖాళీగా ఉండడం చూసి లోపలికి ఫోను చేయించాడు. రాజయ్య పంపు పక్కన కూర్చుని చుట్ట నములుతున్నాడట. పొద్దు గూకే వేళకు ఆ జవాబు వచ్చింది.

మర్నాడు సార్ నన్ను రాజయ్య వాళ్ళ క్వార్టర్‌కు తీసుకెళ్ళారు. రాజయ్య నవ్వుతూనే ఉన్నాడు. "మెషిన్ నన్ను ఇంటికి తోలింది సారూ, నాకే తెల్వదు." లచ్చమ్మ నవ్వలేదు. నా వైపే చూసి అడిగింది: "కప్పు కూలి ఉంటే? ఇంటికి పోయిండని అందరు ఊకుందురా బిడ్డా?"

నేను గుమ్మంలో చెప్పులు వెతుక్కున్నాను.

తిరిగి వచ్చాక సార్ ఆ టాస్క్ తెరిచి చూశారు. నేను మార్చిన వరుస దగ్గర వేలు పెట్టారు. "నిమ్మకాయను నమ్మినోని మీద గంటలు గంటలు మాట్లాడినవ్. నువ్వు గా విజయవంతమనే వరుసను నమ్మినవ్. నమ్మిచ్చుకున్నది గూడ నువ్వే" అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే నేను వాదించేవాణ్ణి. ఆ సాయంత్రమే గనికి ఉత్తరం రాశారు: తనిఖీ తాను చూడలేదని, తప్పు తనదేనని. నేను అక్కడే నిలబడి చదివాను. నా పేరు రాయమని అనలేదు. ఆ పని మా చేయి దాటిపోయింది. ఏడాది తిరిగేసరికి ఆఫీసుకు తాళం పడింది, నేను హైదరాబాదు వెళ్ళాను. ఆ ఉత్తరంలోని తప్పు నాదని ఇన్నేళ్ళలో రాయడం ఇదే మొదలు.

తెలంగాణ వచ్చిన ఏడాది ఆయన్ను దవాఖానలో చూశాను. కిటికీ కింద ఊరేగింపు డప్పులు మోగుతున్నాయి. ఆయన ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. మాటల మధ్యలో, నిన్నటి సంగతి అన్నట్టు అడిగారు.

"గా టాస్క్ నోరెందుకు మూసినవ్ తమ్మీ?"

సిద్ధాంతాలేవీ రాలేదు. "అలిసిపోయిన సార్" అన్నాను, ఎన్నాళ్ళకో మా ఊరి మాటలో.

ఆయన కాసేపు ఊపిరి కూడగట్టుకున్నారు. "అలిసినోడే సూడాలె. అలవనోడు ఎవడున్నడు ఈడ?"

అది ఓదార్పో చురకో ఇప్పటికీ నాకు తేలలేదు. ఇప్పటి ఆఫీసులో నేను రాసే టాస్క్‌లు ఊరికే ఆగిపోతాయని కుర్రాళ్ళు సణుగుతారు. సణగనిస్తాను. ఎందుకు ఆగిందో లేచి చూస్తాను. చూడాలని లేని రోజులే ఎక్కువ. అయినా లేస్తాను.