నా చేతులు పెరిగిన కాలం

నా ముఖం మారిపోతోందని మొదట కనిపెట్టింది ఒక పళ్ల డాక్టరు. రోజూ అద్దంలో చూసుకునే నేను కాదు, మూడు పూటలా అన్నం పెట్టే నా భార్య కూడా కాదు.

కువైట్‌లో, సల్వాలోని ఒక ఇంట్లో నేను డ్రైవర్ని, నా భార్య వంటమనిషి. ఇద్దరమూ అన్నమయ్య జిల్లా నుంచి ఒకే కఫీల్ దగ్గరికి, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గరికి, వచ్చాం. ఆ ఇంటికి పెద్ద ఒక ముసలామె. భర్త పోయాక, పిల్లలు వేరే ఇళ్లు కట్టుకున్నాక అంత పెద్ద ఇంట్లో ఆమె, మేమిద్దరమే మిగిలాం. అక్కడి పనివాళ్లు ఇంటి యజమానురాలిని పిలిచినట్టే మేమూ ఆమెను మామా, అంటే అమ్మా, అనేవాళ్లం.

ఒక చలికాలం నాకు కింది పన్ను సలపరం పట్టింది. హవల్లీలో ఒక చిన్న క్లినిక్‌కు వెళ్లాను. ఉర్దూ మాట్లాడే ఆ డాక్టరు నా నోట్లోకి కాసేపు చూసి, నొప్పి పెట్టే పన్ను సంగతి వదిలేశాడు.

"పళ్ల మధ్య ఈ సందులు ఎప్పటి నుంచి?" అని అడిగాడు.

తెలియదన్నాను. చేతులు చూపించమన్నాడు. పన్ను నొప్పికి చేతులెందుకో అర్థం కాలేదు కానీ చాపాను. ఆయన తన అరచేతిని నా అరచేతి పక్కన పెట్టి చూసుకున్నాడు. చెప్పుల సైజు మారిందా, తల నొస్తుందా, చలిలో కూడా చెమట పడుతుందా అని వరసగా అడిగాడు. అన్నింటికీ అవుననే చెప్పాల్సి వచ్చింది.

"పాత ఫోటో ఏదైనా ఉందా?"

ఫోన్‌లో పెళ్లి ఫోటో ఉంది. ఆయన దాన్ని నా చెంప పక్కన పట్టుకుని అటూ ఇటూ చూసి, నా చేతికి అద్దమిచ్చాడు. ఫోటోలో ఉన్నవాడిది సన్నటి ముక్కు, కోల గడ్డం. అద్దంలో ఉన్నవాడికి కనుబొమల కింది ఎముక ముందుకు పొడుచుకొచ్చింది, ముక్కు పరుచుకుంది, కింది దవడ పై దవడను దాటి వచ్చింది.

"ఒళ్లు చేశాననుకున్నాను సార్."

"ఒళ్లు చేస్తే బుగ్గలు పెరుగుతాయి, దవడ ఎముక పెరగదు. ఎదిగే వయసు కాదు కదా నీది. తలలో ఒక గ్రంథి ఉంటుంది. దాన్ని చూడమని పెద్దాసుపత్రికి రాసిస్తాను."

బయటికొచ్చి బండిలో కూర్చున్నాను. తాళం తిప్పబుద్ధి కాలేదు. విడివిడిగా జరిగినవన్నీ ఒక్కటొక్కటే గుర్తుకొచ్చాయి. వేలికి బిగుసుకుపోయిన ఉంగరాన్ని సబ్బు నురగ పెట్టినా రాక చివరికి కోయించుకున్నాను. ఊరి నుంచి ఫోన్ చేసిన మా అక్క, నేను పలికితే "ఎవరప్పా మాట్లాడేది?" అని అడిగింది. నా గురకకు తాళలేక నా భార్య పడక వంటింటి పక్కకు మార్చుకుంది. ఇవి కాక, బండి ఒకసారి గోడకు, ఇంకోసారి ఆగి ఉన్న కారుకు గీసుకుంది. ధ్యాస తగ్గిందని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇవన్నీ ఒకే చోటి నుంచి వస్తున్నాయని ఎవరు అనుకుంటారు?

ఇంటికి వెళ్లి ఫోటో చూపించాను. నా భార్య పిండి చేత్తోనే నా నుదుటి ఎముక తడిమింది.

"నాకెట్లా కనపడలేదయ్యా? దినామూ ఈ మొగమే గదా నేను చూసేది."

"దినామూ చూస్తావుండావు కాబట్టే కనపడలేదు" అన్నాను.

పెద్దాసుపత్రిలో రక్తం తీశారు, తలకు స్కాన్ తీశారు. తరువాత కళ్ల పరీక్ష. గడ్డం ఒక స్టాండు మీద ఆనించి ఎదురుగా ఉన్న చుక్కనే చూస్తూ, పక్కల్లో ఎక్కడ వెలుగు మెరిస్తే అక్కడ బటన్ నొక్కమన్నారు. చాలాసేపు ఏమీ మెరవలేదు. మిషను చెడిపోయిందేమో అనుకున్నాను. అయ్యాక కాగితం తీసి చూపించారు. వెలుగులు మెరుస్తూనే ఉన్నాయట. రెండు పక్కలా నల్లగా ఉన్నంత మేర నాకు చూపు లేదు. రోడ్డు మీద అంతకాలం నేను నడిపింది ఒక సందులోంచి చూస్తూనన్నమాట.

అక్కడి లేడీ డాక్టరు ఇంగ్లీషులో చెబుతుంటే పక్కనున్న నర్సమ్మ మాకు తెలుగులో చెప్పింది. ఆమెది గోదావరి వైపు.

"ఇదిగోండి, ఇదీ పిట్యూటరీ గ్రంథి" అంటూ స్కాన్‌లో నా ముక్కు వెనక, మెదడు అడుగున చూపించింది. "మామూలుగా శనగ గింజంత ఉంటుందండి. ఎముకలో దానికోసమే చిన్న గుంట ఉంటుంది, అందులో కూర్చుంటుంది. మీకు దాని మీద గడ్డ లేచింది. క్యాన్సర్ కాదండి, భయపడకండి. కానీ అది పైకి పెరిగి కంటి నరాలని నొక్కుతోంది. ఎదుగుదల హార్మోను అదే పనిగా వదిలేస్తోంది."

"శనగ గింజంతదా?" నా భార్య నా చేతుల వైపు చూసింది. "అంతది ఇంత మనిషిని ఎట్లా మారుస్తాదమ్మా?"

"అది ఎక్కడికీ వెళ్లదండి. తను చెప్పాల్సింది రక్తంలో వదిలేస్తుంది. రక్తం ఒళ్లంతా తిరుగుతుంది కదా. ఆ మాట ఎవరి కోసమో వాళ్లే అందుకుంటారు, మిగతావాళ్లకి అది వినపడదు. గొంతులో థైరాయిడ్‌కి ఒక మాట, కిడ్నీల మీదున్న గ్రంథులకి ఇంకో మాట, బిడ్డని కన్న తల్లికి పాలు పడాలంటే ఇంకోటి. ఎదుగుదల హార్మోను కాలేయానికి చెబితే, కాలేయం ఎముకలకి చెబుతుంది. చిన్నప్పుడైతే పొడుగవుతాం. పెద్దయ్యాక ఎముక పొడుగు సాగదు, అందుకే వెడల్పవుతుంది."

నేను నోరు తెరుచుకుని విన్నాను. నాకు జబ్బు అన్న భయం ఒక పక్క ఉంది. కానీ దాన్ని మించి, ఇంతకాలం నా లోపల ఇంత రాకపోకలు జరిగాయా అన్న ఆశ్చర్యం. నేను బండి తోలుతున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, ఏమీ ఆలోచించనప్పుడు కూడా ఎవరో ఎవరికో కబురు పెడుతూనే ఉన్నారు.

ఆ సాయంత్రం బండి తాళాలు తీసుకెళ్లి మామా చేతిలో పెట్టాను. వచ్చీరాని అరబ్బీలో కళ్ల సంగతి, తలలో గడ్డ సంగతి, దానికి ఆపరేషన్ చేయాలన్న సంగతి చెప్పాను. పనికిరాని డ్రైవర్ని ఎవరు ఉంచుకుంటారు? ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్, రద్దు చేసి పంపించేస్తుందనే అనుకున్నాను. అప్పుడే నా భార్య ఆమెకు సాయంత్రం ఇచ్చే ఇన్సులిన్ సూది సిద్ధం చేస్తోంది. మామాకు చాలా ఏళ్లుగా చక్కెర జబ్బు.

మామా తాళాలు పక్కన పెట్టి ఆ సూది చూపించింది. "ఇది ఏంటనుకున్నావు? ఇదీ గ్రంథిలోంచి రావాల్సిందే. నా గ్రంథి చాలినంత ఇవ్వదు, నీది అడక్కుండా ఇస్తుంది. నాకు తక్కువ, నీకు ఎక్కువ." సూదికి చేయి చాపుతూ, "నా సూదికి నీ పెళ్లాం ఉంది. నీ ఆపరేషన్ అయ్యేదాకా నా కొడుకు డ్రైవర్ వస్తాడు. ఖలాస్" అంది. ఆమె మాటలో 'ఖలాస్' అంటే ఇక మాట్లాడేదేమీ లేదని.

సంవత్సరాలుగా ఆ సూదిని చూస్తున్నాను. అందులో ఉన్నది మందు అనుకున్నాను గాని, మనిషి ఒంట్లో పుట్టాల్సిన ఒక కబురని అనుకోలేదు.

గడ్డను ముక్కులోంచి తీస్తామన్నారు. పుర్రె కోయకుండా, ముక్కు రంధ్రంలోంచి లోపలికి వెళ్లి మెదడు అడుక్కి చేరుకుంటారట. నా భార్య ఆ మాట నమ్మలేదు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లే ముందు నా తలను రెండు చేతులతో పట్టుకుని, "ముక్కులోంచే అంటావుండారు గదా, చూస్తా" అంది, ఎవరితోనో పందెం వేసినట్టు.

మెలకువ వచ్చేసరికి ముక్కు నిండా దూది. గొంతు ఎండిపోయింది. కదలకుండా ఎదురుగా గోడనే చూస్తున్నాను. కుడి పక్క ఏదో తెల్లగా కదిలింది. నర్సమ్మ చేయి. తల తిప్పకుండానే చూశానని అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. ఎడమ పక్క నా భార్య కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె కూడా కనపడుతోంది. ఇద్దరూ ఒకేసారి. ఏడుపొచ్చింది, ముక్కు మూసుకుపోయి సరిగా ఏడవలేకపోయాను.

ఆ తరువాత దాహం పట్టుకుంది. సీసాలకు సీసాలు నీళ్లు తాగాను, తాగినంతా మూత్రమై పోయింది. మళ్లీ దాహం. నాకేదో అయిపోతోందని నా భార్య కంగారు పడింది. నేను పోసిన మూత్రాన్ని నర్సమ్మ కొలిచి డాక్టరుకు చెప్పి, సూది వేసి మా దగ్గర కూర్చుంది.

"కిడ్నీలకి 'నీళ్లు పట్టి ఉంచు' అని చెప్పేది కూడా ఈ గ్రంథి వెనక భాగంలోంచే వస్తుందండి. ఆపరేషన్ దెబ్బకి అది కాస్త మూగబోయింది. చెప్పేవాళ్లు లేక కిడ్నీలు వచ్చిన నీళ్లన్నీ వదిలేస్తున్నాయి. మళ్లీ మాట్లాడుతుంది లెండి."

కొన్నాళ్లకు నిజంగానే మాట్లాడింది. దాహం దానంతట అదే పోయింది. గుక్కెడు నీళ్లు తాగితే అవి ఒంట్లో నిలబడటం కూడా ఒక ఏర్పాటని నాకు అంతకుముందు తెలియదు.

వేళ్ల వాపు కూడా చూస్తుండగానే తగ్గింది. అరచేతి చర్మం మెత్తబడింది, గురక పోయింది. నా భార్య పడక మళ్లీ గదిలోకి తెచ్చుకుంది. కానీ ఎముక వెనక్కి వెళ్లదని డాక్టరు ముందే చెప్పింది. ఈ దవడ, ఈ నుదురు ఇక నావే. ఊరికి వీడియో కాల్ చేసినప్పుడు అక్క కొంచెంసేపు తేరిపార చూసి, అలవాటు పడింది. కళ్ల పరీక్ష మళ్లీ చేసి, పరవాలేదని డాక్టరు చెప్పాకే బండెక్కాను.

ఒక మాత్ర మాత్రం నాతో ఉండిపోయింది. పొద్దున లేవగానే వేసుకోవాలి, మానకూడదు అన్నారు. ఒంట్లో బాగానే ఉంది కదా అని మాత్రలు అయిపోయాక వెంటనే తెచ్చుకోలేదు. రెండో రోజు పొద్దున మంచం మీంచి కాళ్లు కింద పెట్టలేకపోయాను. కళ్లు తిరిగాయి, వాంతి అయింది, చేతులు చల్లబడ్డాయి. మామా తన కొడుకును పిలిపించి నన్ను ఆసుపత్రికి పంపింది. అక్కడ సూది వేసిన కాసేపటికి లేచి కూర్చున్నాను.

నర్సమ్మ ఈసారి కోప్పడింది. "అది మీ ఒంట్లో పుట్టాల్సిన కార్టిసోల్ అండి. దాన్ని తయారుచెయ్యమని కిడ్నీల మీది గ్రంథులకి మీ గ్రంథి కబురు పంపడం లేదు కాబట్టి మాత్ర ఇస్తున్నాం. అది లేకపోతే మనిషి లేవలేడు."

"మిగతావాళ్లు ఎట్లా లేస్తారమ్మా?" అని అడిగాను.

"వాళ్లకి తెల్లారకముందే అదే వస్తుందండి. మనం ఇంకా నిద్రలో ఉండగానే గ్రంథి కబురు పెడుతుంది. కళ్లు తెరిచే వేళకి ఒళ్లు సిద్ధంగా ఉంటుంది."

ఇప్పుడు పొద్దున్నే మాత్ర వేసుకుని బండి కడగడానికి బయటికి వస్తాను. అప్పటికి సల్వాలో వీధి మెల్లగా మేలుకుంటూ ఉంటుంది. ఎదురింటి డ్రైవర్ బకెట్ పట్టుకుని వస్తాడు. ఒక పనమ్మాయి గేటు ముందు చీపురుతో ఇసుక ఊడుస్తుంది. పైన మామా గదిలో లైటు వెలుగుతుంది. వీళ్లందరికీ చీకట్లోనే, అడక్కుండా, ఆ కబురు అందేసింది. వాళ్లకు ఆ సంగతి తెలియదు. నేను గుడ్డ పిండుతూ ఒక్కొక్కరినీ చూస్తూ నిలబడతాను.