హాసెల్‌రోట్ హద్దురాళ్లు

వాల్బుర్గా డాటర్‌వైఖ్‌ను హాసెల్‌రోట్ ఏడుగురిలో చేర్చుకున్న రోజున బీరు కొట్టులో నవ్వని మనిషి లేడు. మూడు వందల ఏళ్లుగా ఆ ఏడుగురూ మగవాళ్లే. ఊళ్లో హద్దురాయి పాతాలన్నా, ఒరిగినదాన్ని నిలబెట్టాలన్నా వాళ్లే రావాలి. రాయి కింద ఒక గుర్తు పెడతారు. అదేమిటో, ఎలా పేరుస్తారో కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పరు, కాగితం మీద రాయరు. రాయిని ఎవడైనా జరిపేసినా కింద ఉన్న గుర్తు నిజం చెబుతుంది.

"ఆడవాళ్ల కడుపులో మాట దాగుతుందా? వారం తిరక్కుండా ఆ గుర్తును రొట్టెల మీద అచ్చేసి అమ్ముతారు చూడండి," అన్నాడు కొట్టు యజమాని లూయిట్‌పోల్డ్.

"నీ బీరులో నీళ్లెన్ని పోస్తావో నాకు పదిహేనేళ్లుగా తెలుసు. ఒక్కరికైనా చెప్పానా?" అంది వాల్బుర్గా.

ఏడుగురికీ పెద్ద కిలియన్. ఎనభై దాటాయి, కళ్లు సరిగా ఆనవు. ఆయన నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు.

నిజానికి ఆవిడకంటే బాగా ఆ ఊరు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ముప్పై ఏళ్లుగా సైకిలు మీద ఉత్తరాలు పంచింది. వాగు ఎక్కడ వంపు తిరుగుతుందో, ఎర్రరాతి గుట్ట మీద మంచు ఎప్పుడు కరుగుతుందో, ఎవరి కుక్క కరుస్తుందో అన్నీ కంఠతా వచ్చు. అందుకే ఊరికి ఏడు వందల ఏళ్లు నిండుతున్నాయని పుస్తకం వేద్దామనుకున్నప్పుడు, ఊరి భూగోళం, చరిత్ర రాసే పని ఆవిడకే అప్పజెప్పారు. మొదటి వాక్యం రాసి అందరికీ చదివి వినిపించింది: "హాసెల్‌రోట్ అంటే ఊట."

అందరి ఛాతీలూ ఉబ్బాయి. మరి ఉబ్బవా? పందొమ్మిది వందల డెబ్బై రెండులో ఊరిని పక్క పట్టణంలో కలిపేశారు. బడి మూసేశారు. మేయరు కూర్చునే కుర్చీని కూడా బండెక్కించుకుపోయారు. పొలిమేర బోర్డు మీద ఊరి పేరు కింద ఇప్పుడు పట్టణం పేరు ఉంటుంది. మిగిలింది ఆ ఊట ఒక్కటే, వాల్బుర్గా గడ్డినేల చివర, పొలిమేరలో. ఎంత కరువొచ్చినా ఎండలేదు. పక్క ఊరు ఓబర్‌విండెన్ వాళ్లు డబ్బాలు పట్టుకొచ్చి, అడిగి మరీ తీసుకెళ్లేవాళ్లు.

ఆ మార్చిలో వాగు పొంగి ఊట అవతల ఉన్న హద్దురాయిని ఈడ్చుకుపోయింది. కొలతల అధికారి యంత్రం మోసుకుంటూ వచ్చాడు. పాత పటంలో ఆ మూల సరిగా తేలడం లేదన్నాడు.

"మీ గుర్తు దొరికితే అదే ఖాయం. దొరక్కపోతే ఇన్నాళ్లూ రాయి ఎక్కడుందో అక్కడే పాతుదాం," అన్నాడు.

రెండూళ్ల జనం వచ్చారు. ఓబర్‌విండెన్‌లో ఏడుగురు లేక చాలాకాలమైంది. అక్కడివాళ్లకూ హాసెల్‌రోట్ ఏడుగురి మాటే మాట. ఆచారం ప్రకారం అందరూ వీపులు తిప్పి నిలబడ్డారు. ఐదుగురు చుట్టూ కాపలా నిలిచారు, వాళ్లూ అటు తిరిగే. కిలియన్, వాల్బుర్గా తవ్వారు.

ఊట అవతల ఏమీ లేదు. మోచేతి లోతు, నడుము లోతు, వట్టి మన్ను. పటంలోనే ఆ మూల తేలలేదు కదా అని ఊట ఇవతలికి వచ్చి మళ్లీ తవ్వారు. పదకొండు అంగలు ఇవతల, వాల్బుర్గా ఆపిల్ చెట్ల పక్కనే, పార టక్కుమంది.

ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో మన్ను తీసింది. గుర్తు ఉంది. తనకు చెప్పినట్టే, చెక్కు చెదరకుండా ఉంది.

ముత్తాత వెండెలిన్ కథ గుర్తొచ్చింది ఆవిడకు. ఏటా పళ్లు కోసేటప్పుడు ఇంట్లో నవ్వుతూ చెప్పుకునే కథ: ఎద్దుల నాగలి తగిలి హద్దురాయి పడిపోతే, ఏడుగురినీ పిలిస్తే బీరు పోయాలని, తనే ఎత్తి మెత్తటి నేల చూసి పాతేశాడట. ఆ మెత్తటి నేల ఊట అవతలిదని ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు. తనూ ఆ కథకు పడీ పడీ నవ్విన మనిషే. ఆవిడ మొహం సిగ్గుతో వేడెక్కింది.

"ఏమైనా కనిపించిందా వాల్బుర్గా? నాకేమీ ఆనడం లేదు," అన్నాడు కిలియన్.

చుట్టూ అన్నీ వీపులే. లేదని ఒక్క మాట అని మన్ను కప్పేస్తే ఊట తమ ఊరికే మిగులుతుంది. పుస్తకంలోని మొదటి వాక్యం కళ్ల ముందు మెదిలింది.

"ఉంది బాబాయ్," అంది గట్టిగా, అందరికీ వినబడేలా. "ఇక్కడే ఉంది. రాయి ఇక్కడే పాతాలి."

ఒక్కసారిగా గోల లేచింది. లూయిట్‌పోల్డ్ అందరికంటే ముందు ఇటు తిరిగాడు.

"బుద్ధుందా నీకు? ఉన్న ఒక్క ఊటనూ చేజేతులా ఇచ్చేస్తావా? కాస్త చూడనట్టు ఊరుకుంటే నీ సొమ్మేం పోయేది?"

"నా సొమ్మే పోయింది. ఆ గడ్డినేల నాదే."

ఓబర్‌విండెన్ నుంచి వచ్చిన ముసలి రైతు ఒకడు టోపీ తీశాడు. "ఆ ఊట మాదేనని మా తాత గొణిగేవాడు. హాసెల్‌రోట్ రాయి అబద్ధం చెప్పదు, ఊరుకో నాన్నా అని మా నాన్నే కసిరేవాడు," అన్నాడు.

ఆ మాటతో గోల కాస్త తగ్గింది. కిలియన్ వాల్బుర్గా చెయ్యి పట్టుకుని లేచాడు.

"నాకు కళ్లు లేవు గానీ వేళ్లున్నాయి. నీకంటే ముందే తగిలింది," అన్నాడు మెల్లగా.

"మరి నన్నెందుకడిగావు?"

"నీ నోట వినాలని." పారను ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇక నుంచి ఏడుగురికీ పెద్ద నువ్వే. నాకు ఓపిక అయిపోయింది."

ఊట పోయినందుకు ఆవిడకు బాధ లేదంటే అబద్ధం. ఇంటికి వెళ్లి చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని, మొదటి వాక్యం కొట్టేసి మళ్లీ రాసింది.

పండుగ రోజున కొత్త పుస్తకాన్ని బీరు కొట్టులో చదవడం లూయిట్‌పోల్డ్ వంతు వచ్చింది. ముఖం ముడుచుకునే మొదలుపెట్టాడు.

"హాసెల్‌రోట్‌లో ఇళ్లు అరవై ఒకటి, మనుషులు నూట నలభై ముగ్గురు. ఊట లేదు. అది ఓబర్‌విండెన్ వాళ్లది. ఇన్నాళ్లూ మనదనుకున్నామంటే ఆ తప్పు మా ముత్తాతది. హద్దురాళ్లు తొంభై నాలుగు. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి."

లూయిట్‌పోల్డ్ గొంతు సవరించుకుని, లేచి నిలబడి, ఆ చివరి వాక్యాన్ని మళ్లీ చదివాడు.