మస్తానమ్మవ్వ చూపించిన మాయ

మా ముత్తాత పెద్దారవీడు పక్క మూడు ఊళ్లకు కరణం. మా తాత ఎదురైతే జనం తలగుడ్డ తీసేవారు. ఆ ఇంటి మనుమరాలినైన నేను ఇప్పుడు పరిశోధనశాలలో, కాన్పు తర్వాత బయటపడే మాయను కోసి దాని కణాలను పరీక్షిస్తాను. ఈ ఉదయం స్టీలు పళ్లెం మూత తీయగానే పచ్చి నెత్తురు వాసన వచ్చింది. ఆ వాసన వస్తే ఎప్పుడూ నాకు మస్తానమ్మవ్వ గుర్తొస్తుంది.

ఆమె మార్కాపురం సర్కారు ఆసుపత్రిలో కాన్పుల గది ఆయా. సెలవు రోజుల్లో గర్భిణులున్న ఇళ్లు చూసి వచ్చేది. నేను ఇంటర్ చదివేటప్పుడు మా వదినకు ఏడో నెల. ముఖం, కాళ్లు ఉబ్బాయి. మా ఇంటి తిండికి ఒళ్లు చేసిందని అమ్మ మురిసిపోయి వచ్చినవాళ్లందరికీ చూపించేది. నేనూ మురిశాను. అవ్వ మాత్రం వదిన పాదం మీద బొటనవేలు అదిమింది.

"గుంట పడింది, సూడమ్మా. ఇది కండ గాదు, నీరు. తల నొస్తాందా తల్లీ?"

"మూడు దినాలాయె అవ్వా. కండ్లు గూడా మసకలు," అంది వదిన.

"మా కోడండ్లు ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కరు," అంది అమ్మ.

"ఎక్కకుంటే నేనే మోసకపోతా. మీ గౌరవం సూసి బీపీ దిగుతాదా?"

మా అమ్మతో అట్లా మాట్లాడినవాళ్లు లేరు. నేను కోపంగా లేచాను. అవ్వ నా వైపు తిరిగి, "కోపం తర్వాత పడుదువులే పాపా, ముందు ఆటో పిలువు," అంది. పిలిచాను.

ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. వదిన గండం గడిచింది. గుప్పెడంత ఆడబిడ్డను ఒంగోలు ప్రైవేటు ఆసుపత్రికి పంపారు. మా వైపు మాయను కుండలో పెట్టి పాతేస్తారు, తేరిపార చూడరు. అవ్వ దాన్ని పళ్లెంలో పరిచి నన్ను పిలిచి, చేత్తో తడిమి చూపించింది.

"పాతేముందు సూడాల. తెల్లగా బిగుసుకున్న ఈ తావులకు నెత్తురు అందలా."

"ఎందుకందలేదు?"

"అది తెలిస్తే నేను ఆయానెందుకైతా? నువ్వు సదువుకొని నాకు జెప్పు."

చెప్పడానికి చాలా ఏళ్లు పట్టింది. గర్భం నిలిచిన కొత్తల్లోనే మాయ కణాలు తల్లి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి వాటిని వెడల్పు చేయాలి. ఏ కణం ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఆగాలో దానిలోని జన్యువులు నడిపిస్తాయి. ఆ నడక తప్పితే నాళాలు ఇరుకుగానే ఉండిపోతాయి; మాయకు నెత్తురు చాలదు, తల్లికి బీపీ పెరుగుతుంది. ఫోనులో అంతా విని అవ్వ, "అట్లయితే మొదట్లోనే చెడింది, మనం ఏడో నెల్లో సూసినాం. ముందే పట్టే దారి యెతుకు," అంది. నా పని ఇప్పటికీ అదే. ఏ మాయనైనా కోసే ముందు, ఆమె నేర్పినట్టు, చేత్తో అంతా తడిమి చూస్తాను.

బిడ్డ నెలకు పైగా అద్దాల పెట్టెలో ఉండి బతికింది. అందుకోసం నాయన యర్రగొండపాలెం దారిలో మాకు మిగిలిన ఆఖరి చేను అమ్మేశాడు.