కడియాలు తీసి తూచిన ఆమె

ఉదయగిరి దగ్గరి ఒక పల్లెలో అంగన్‌వాడీ నడిపిన ఆమెను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది. ఆమె మీద కాదు.

బిడ్డల్ని తూచేముందు ఆమె వాళ్ల కడియాలు, మొలతాడు, తాయెత్తు అన్నీ తీసేసేది. దిష్టి తగులుతుందని తల్లులు తిట్టేవాళ్లు. "వెండి బరువు నాకెందుకు మే? బిడ్డ బరువు రాయాల," అనేది.

తొంభైల్లో ఒక తనిఖీకి మా అధికారి వెంట గుమాస్తాగా నేనూ ఆత్మకూరు నుంచి వెళ్లాను. దూలానికి వేలాడే కాటాలో రెండేళ్ల పిల్ల ఉంది. బరువు చార్టులో అట్టడుగు గీత కింద పడింది. అలా పడిన బిడ్డకు రోజూ రెండింతల పిండి ఇవ్వాలి. అలాంటి బిడ్డలు ఎక్కువైతే పైవాళ్లు మా అధికారిని నిలదీస్తారు. ఆ పిండి ఆయన ఇంటిదేమీ కాదు.

"ఆ కడియాలు తొడిగి మళ్లీ తూచమ్మా," అన్నాడాయన.

"కడియాలు అన్నం తింటాయా సార్? ఈ పిల్ల పోయిన నెల నడిచేది. ఇప్పుడు నిలబడలేకుండా ఉండాది. చూడండి."

ఆయన చూడలేదు. నావైపు తిరిగి, "నువ్వు రాయవయ్యా," అన్నాడు. నేను చార్టు తీసుకుని చుక్కను గీత పైన పెట్టాను. దాంతో ఆ పిల్లకు రెండో వంతు పిండి పోయింది.

ఆమె నా చేతినే చూస్తూ పిల్లను దింపి కడియాలు తొడిగింది. అవి పాదాల మీదుగా జారి నేల మీద పడ్డాయి.

ఆనాటి నా డైరీలో ఇలా ఉంది: "తనిఖీ సక్రమంగా ముగిసింది. రెండు గంటల బస్సు దొరికింది."

బస్సు దొరికిన మాట ఒక్కటే నిజం.