నాకు పాపాలు తక్కువ పడిన కాలం

ఆ రోజుల్లో జనగామలో మంచివాడిగా బతకడం పెద్ద కష్టమేమీ కాదు. చెడిపోవడానికే వసతులు తక్కువ. ఉన్నదల్లా ఒక సినిమా హాలు, స్టేషను అవతల ఒక కల్లు దుకాణం. రెండింటికీ మా ఇంటి ముందు నుంచే దారి. ఆ దారి మీదికి ఒక అరుగు, అరుగు మీద మా అవ్వ. అమ్మ నా పసితనంలోనే పోవడంతో నన్ను పెంచింది నాయిన తల్లి అయిన ఈ అవ్వే. నాయిన మిషన్ బడిలో హెడ్మాస్టరు; ఆయన బడిలో పిల్లల్ని చూసుకుంటే, అవ్వ మిగతా ఊరిని చూసుకునేది. ఈ ఏర్పాటు వల్ల నేను డిగ్రీ పూర్తయ్యేదాకా ఒక్క మచ్చ లేకుండా మిగిలిపోయాను. అది నా గుణం అనుకునేవాణ్ణి. మా ఇల్లు ఉన్న చోటు మహిమ అని తర్వాత తెలిసింది.

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం రాక, చర్చిలో బెంచీలు సర్దుతూ కాలక్షేపం చేస్తున్నప్పుడు, కోస్తా వైపు నుంచి ఒక సువార్తికుడు మా ఊరికి యువజన సభలు పెట్టడానికి వచ్చాడు. అందరూ ఆయన్ని పెద్ద బ్రదర్ అనేవారు. తెల్లటి బట్టలు, మంచి గొంతు, నిజంగానే మంచి మనిషి. సినిమా వద్దు, పూలు వద్దు, జులపాలు వద్దు, పెళ్లికి ముందు చూపులు వద్దు అని ఆయన బోధ. పందిట్లో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క, మధ్యలో తాడు. ఆ తాడు కట్టే పని నాకిచ్చారు. నా మీద నమ్మకంతో అనుకుని పొంగిపోయాను గానీ, నా మీద ఎవరికీ ఏ అనుమానమూ లేకపోవడం వల్ల ఇచ్చారు. (ఈ రెండింటికీ తేడా ఉందని పాతికేళ్ల లోపు మగవాడికి బాగా తెలుస్తుంది.)

బోధ అయ్యాక సాక్ష్యాలు ఉండేవి. అంటే ఒకరొకరే లేచి, తాము ఎంత పాపులో, దేవుడు తమనెలా పట్టుకున్నాడో చెప్పాలి. మొదటి రోజు కాజీపేట నుంచి వచ్చిన ఒకాయన లేచాడు. వెనకటికి పేరుమోసిన రౌడీ. చొక్కా ఎత్తి కడుపు మీద కత్తిగాటు చూపించాడు. పందిరంతా ‘స్తోత్రం’ అని ఊగిపోయింది. ఆ వెంటనే నా వంతు. నా దగ్గర చూపించడానికి టీకా మచ్చ తప్ప ఏమీ లేదు. ఆరో తరగతిలో ఉట్టి మీది బెల్లం ముక్క దొంగిలించి, ఎలుక తిన్నదని అవ్వతో అబద్ధం చెప్పానని చెప్పాను.

పెద్ద బ్రదర్ ఆశగా చూశాడు. “ఇంకా?”

“ఇంకేం లేదండీ.”

“సరే, కూర్చో బాబూ,” అన్నాడు. అంత జాలిగా నన్నెవరూ అంతకుముందు కూర్చోమనలేదు. బయటికొస్తుంటే మా యువజనులు “ఏంరా బెల్లం, ఇంటికి పోతున్నవా?” అన్నారు. ఆ సాయంత్రం నుంచి నా పేరు బెల్లమే.

మర్నాడు మళ్లీ లేచాను. అరవై తొమ్మిది ఉద్యమంలో బళ్లు మూతబడ్డప్పుడు బస్సుల మీద రాళ్లు రువ్వానని, ఆ గుంపులోనే కల్లు మరిగానని, అటు తర్వాత సిగరెట్లకు దిగానని చెప్పాను. (ఆ ఉద్యమ కాలంలో నేను గవదలు లేచి, గొంతుకి అవ్వ చీర పేలిక చుట్టుకుని, పెరట్లో పల్లికాయ ఒలుస్తున్నాను. తెలంగాణకు నేను చేసిన సేవ అంతే.) పందిరి ఊగింది. పెద్ద బ్రదర్ నా భుజం మీద చెయ్యేశాడు. “నీలో ఇంత ఉందని తెలీదయ్యా తమ్ముడూ! మీ మాట కాస్త మొరటే గానీ, పాపానికి చక్కగా అతుకుతోంది. వచ్చే నెల మానుకోట సభలకి వచ్చేయ్.” మా భాషను మెచ్చుకున్న మొదటి కోస్తా మనిషి ఆయనే కాబట్టి, మెప్పు దేనికో ఆలోచించకుండా సరేనన్నాను.

మానుకోటలో విషయం యౌవనస్థుల పవిత్రత. మగవాడు తన చూపును కాచుకోవాలి; ఆడది తన నడకతో, చీరతో, తల మీది కొంగుతో మళ్లీ ఆ మగవాడి చూపునే కాయాలి. ఇద్దరి కాపలా ఒకే వస్తువుకని నాకు ఆ రోజు తట్టలేదు. నాకు తట్టిందల్లా, బోధ ఇంత పెద్దదైతే దానికి రాళ్లూ సిగరెట్లూ చాలవని. ఒక స్త్రీ కావాలి. లేచాను. జనగామ స్టేషను దగ్గర ఒక స్త్రీ వలలో పడ్డానన్నాను. ఎటువంటి స్త్రీ అని జనం కళ్లు అడుగుతున్నాయి. కల్పించడానికి నాకు అనుభవం లేదు. అవ్వ కాక నేను దగ్గరగా చూసిన ఆడమనిషి ఒక్కతే. ఆమెనే చూస్తున్నట్టుగా, “కుడిచేతికి గడియారం పెట్టుకునేది” అన్నాను. మాట బయటికి వచ్చాక బాగుందనిపించింది కూడా. పాపానికి ఒక గడియారం ఉంటే నిజంలా ఉంటుంది.

జనగామలో కుడిచేతికి గడియారం పెట్టుకునే ఆడమనిషి ఒక్కరే. స్టేషను దారిలో టైపు నేర్పే అక్క. మిషను మీద ఒక్కో లైను కాగానే ఎడమచేత్తో మీట తొయ్యాలి; గడియారం ఆ చేతికుంటే మీటకు కొట్టుకుంటుందని కుడికి మార్చుకుంది. భర్త షోలాపూరు పోయి తిరిగి రాలేదు. ముందు గదిలో నాలుగు పాత మిషన్లు పెట్టుకుని, ఊళ్లో ఆడపిల్లలకు, నాలాంటి నిరుద్యోగులకు టైపు నేర్పుతూ బతికేది. మా చర్చిలోనే, ఆడవాళ్ల వైపు కిటికీ పక్కన కూర్చునేది. నా వేళ్లు తప్పు పడితే స్కేలుతో కొట్టడం తప్ప నన్నెన్నడూ తాకలేదు.

మానుకోట పందిట్లో మా ఊరివాళ్లు బెంచీ నిండా ఉన్నారు. నేను రైలు దిగేలోపే గడియారం జనగామ చేరింది. తర్వాతి ఆదివారం ప్రభు బల్ల, నెలకోసారి సంఘంలో అందరికీ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. రొట్టె పళ్లెం వరస వెంట వస్తోంది. టైపక్క దాకా వచ్చేసరికి మా సంఘ పెద్ద వంగి, “నువ్వు ఈ నెల ఆగు బిడ్డా,” అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. చర్చి మొత్తానికి వినబడింది. ఆమె లేచింది. కొంగు సర్దుకుని, బయట చెప్పుల గుట్టలో తనవి వెతుక్కుని వెళ్లిపోయింది. అదే పళ్లెం నా దగ్గరికీ వచ్చింది. నన్నెవరూ ఆగమనలేదు, నేను పశ్చాత్తాపపడ్డవాణ్ణి కదా. చెయ్యి చాచాను. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ధైర్యం కావాలి. అది నా సాక్ష్యంలో బోలెడుండేది, నాలో లేదు. ఆ వారంలో ఆడపిల్లలు ఒకరొకరే టైపు మానేశారు. ఆ దారిన పోతుంటే ఎప్పుడూ వినిపించే టకటకల్లో ఒక్క మిషను చప్పుడే మిగిలింది. అది ఆమెదే అయ్యుంటుంది. ఆగి చూడలేదు.

ఒక మధ్యాహ్నం ఆమే మా ఇంటికి వచ్చింది. అవ్వ అరుగు మీద చిక్కుడుకాయలు గిల్లుతోంది. నేను లోపలికి జారుకోబోయాను.

“నిలవడు తమ్మీ,” అంది టైపక్క. “నీకు పాపాలు తక్కువ పడితే నీ ఇష్టం. గా పాపంల నాకెందుకు వాటా పెట్టినవ్?”

“నీ పేరు నేను యాడ చెప్పిన్నక్కా?”

“పేరు చెప్పలే. చెయ్యి చెప్పినవ్.”

అవ్వ చిక్కుడుకాయ వదిలేసింది. “ఏం పాపమే బిడ్డా? ఏం జేసిండు వీడు?”

టైపక్క చెప్పింది. రాళ్లు, కల్లు, సిగరెట్లు, చివరికి తను. అవ్వ విని, నన్ను కాళ్ల నుంచి తల దాకా, మళ్లీ తల నుంచి కాళ్ల దాకా చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. “ఎవడు?” అంది. “వీడా?”

“నవ్వకవ్వా,” అంది టైపక్క. “పిల్లలు మానేసిన్రు. ఇంటాయన గది ఖాళీ జేయమంటున్నడు. సంఘపోళ్లు బల్ల కాడ ఆపిన్రు. తమ్మీ, భూపాలపల్లి సభలకు అందరు వస్తున్నరట. గాడ నలుగుట్ల అబద్ధమని చెప్తవా, చెప్పవా?”

“చెప్తడు,” అంది అవ్వ. “నేను గూడ వస్త.”

భూపాలపల్లి అప్పటికి ఇంకా అడవే. బొగ్గు కోసం అక్కడక్కడా బోర్లు వేస్తున్న రోజులు. పరకాల మీదుగా బస్సులో వెళ్లాం. అవ్వా టైపక్కా ముందు సీట్లో, నేను వెనక, ఇద్దరు పోలీసుల వెంట పోయే దొంగలా. పందిట్లో కాజీపేట ఆయన కత్తిగాటు అయిపోయింది. పెద్ద బ్రదర్ నన్ను పిలిచాడు. మానుకోట సాక్ష్యం కోసం జనం ముందుకు జరిగారు.

“నేను ఏ పాపమూ చేయలేదండీ,” అన్నాను. “రాళ్లు రువ్వలేదు, తాగలేదు, ఆ స్త్రీ లేదు. అంతా కల్పించాను.”

పందిట్లో గుసగుస మొదలైంది. నేను కన్న కలలో ఈ పాటికి అందరూ అయ్యో అనాలి. పెద్ద బ్రదర్ ముఖం బాధతో నిండిపోయింది. “చూశారా ప్రియులారా! విడిపించబడ్డవాణ్ణి కూడా శత్రువు ఎలా వెనక్కి లాగుతాడో! పాపాన్ని దాచమంటున్నాడు!” అని, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన అందుకున్నాడు. నేను “నిజంగా చెయ్యలేదండీ” అన్నప్పుడల్లా చెయ్యి ఇంకాస్త బరువయ్యేది. పాపం చేశానంటే ఒక్క మాటకు నమ్మిన జనం, చెయ్యలేదంటే ఒక్కరూ నమ్మలేదు. మెడ కుంగిపోయి మోకాళ్ల మీదికి వస్తుండగా, ఆడవాళ్ల వైపు కలకలం. అవ్వ మధ్యలో కట్టిన తాడును ఎత్తి, కింది నుంచి దూరి వస్తోంది.

“అయ్యా, జర చెయ్యి తియ్యుండ్రి. పోరడు అణిగిపోతడు.”

“పెద్దమ్మా, మీరు అటు వైపు...”

“నేను గూడ సాచ్చెం చెప్త.” అవ్వ జనం వైపు తిరిగింది. “వీడు కల్లు తాగినా అన్నడట. వీనికి పాలు తాగితేనే కడుపుల దిగదు. రాళ్లేసినా అన్నడట. గా ఉద్యమం ఏడు వీనికి గవదలు లేసి గొంతుకు నా చీర పేలిక గట్టిన. ఇగ ఆడిదాని సంగతి. ఇంటెనక దొడ్డికి పోవాల్నంటే పొద్దూకినంక ఇప్పటికీ నన్ను లేపుతడు, నేను కందిలి వట్టుకొని నిలవడాలె. గిసొంటోడు టేసన్ల ఆడిదాని కాడికి పోతే, గాడికి గూడ నేనే కందిలి వట్టుకపోవాలె గద!”

తాడుకు రెండు పక్కలా నవ్వు లేచింది. కాజీపేట రౌడీ కడుపు పట్టుకుని, కత్తిగాటు మీదుగా వంగిపోయి నవ్వాడు. అవ్వ ఆగలేదు. “ఇంకోటి. బెల్లం దొంగిలిచ్చినా అన్నడట. గది దొంగతనం గాదు. వాడు తీస్కుంటడని నేనే ఉట్టి కిందికి గట్టిన.”

నాకున్న ఒక్క పాపమూ పోయింది. పందిరంతా నవ్వుతుంటే టైపక్క మాత్రం నవ్వలేదు. ఆడవాళ్ల వరసలో నిటారుగా కూర్చుని, మా సంఘ పెద్ద వైపే చూస్తోంది. ఆయన నేల చూస్తున్నాడు. పెద్ద బ్రదర్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత, “ఆ సోదరి ఎవరో ఇక్కడుంటే, నేనూ క్షమాపణ అడుగుతున్నానమ్మా,” అన్నాడు. తాడు అవతల ఎవరూ లేవలేదు. ఎందుకు లేవాలి? లేస్తే మళ్లీ ఆమే అందరికీ కనబడాలి.

మరుసటి ప్రభు బల్ల రోజున సంఘ పెద్ద గుమ్మం దగ్గరే నిలబడి, “రా బిడ్డా,” అని ఆమెను పిలిచాడు. వచ్చింది. కిటికీ పక్కనే కూర్చుంది. గడియారం కుడిచేతికే ఉంది. ఇంతటితో కథ సుఖాంతమని అవ్వ చివరిదాకా చెప్పుకునేది గానీ, మానేసిన పిల్లల్లో సగం మందే తిరిగి వచ్చారు. మిగతావాళ్ల తల్లిదండ్రులకు అబద్ధమని తెలుసు. అయినా ‘మనకెందుకు’ అనుకున్నారు. ఆ ఎండాకాలం గడిచాక టైపక్క మిషన్లు బండికెత్తించుకుని హన్మకొండ వైపు వెళ్లిపోయింది. బండి మా ఇంటి ముందు నుంచే పోయింది. అవ్వ అరుగు దిగి మాట్లాడింది. నేను తలుపు వెనక ఉన్నాను.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, టైపు వచ్చినందుకే. ఇన్నేళ్లు ఆ వేళ్లతోనే అన్నం తిన్నాను. ఇప్పుడు నేను మా చర్చిలో పెద్దని. తాడు ఎవరూ కట్టడం లేదు, సాక్ష్యాలు మాత్రం ఉన్నాయి. కుర్రవాళ్లు అప్పుడప్పుడూ, “అంకుల్, మీ సాక్ష్యం చెప్పండి” అని పట్టుపడతారు. నా పాత పాపాలన్నీ అవ్వ భూపాలపల్లిలోనే కొట్టేసింది, బెల్లంతో సహా. అందుకని నా దగ్గర మిగిలిన ఒక్కటే చెబుతాను: స్టేషను దారి, నాలుగు మిషన్లు, కుడిచేతి గడియారం. వాళ్లు అవ్వ కందిలి లాంతరు మాట దాకా పడీ పడీ నవ్వుతారు. బండి మా ఇంటి ముందు నుంచి పోయే దగ్గరికి వచ్చేసరికి ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు. ‘స్తోత్రం’ అనాలో వద్దో వాళ్లకు తెలియదు. తలుపు వెనక నిలబడ్డ ఆ బక్క కుర్రాణ్ణి తలుచుకుని నేనే కొంచెం నవ్వి, కూర్చుంటాను. ఇప్పుడు నన్నెవరూ కూర్చోమనక్కర్లేదు.