బ్యాండు అన్న మాటకు అర్థం

మా నాయన సూర్యాపేటలో పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. పక్షవాతం వచ్చి మూతి ఒకవైపుకు వంకరపోయాక, ఊదితే గాలి పెదవుల సందులోంచి జారిపోయేది. నెలల తరబడి అద్దం ముందు కూర్చుని బుగ్గలు పూరించి చూసుకునేవాడు.

నేను బడిలో ఇంగ్లీషు చెబుతాను. ఒక ఆదివారం నన్నడిగాడు.

"బిడ్డా, గీ బ్యాండు అంటే అసలు ఏంది? ఇన్నేండ్లు ఆ పేరు మీదనే బతికిన, అర్థం ఎన్నడు అడగలే."

నిఘంటువు తీశాను. కట్టు, పట్టీ అని ఒక అర్థం. గుంపు అన్న అర్థం ఫ్రెంచి నుంచి వచ్చిందట. ఒకే జెండా కింద నడిచే సైనికుల జట్టును మొదట్లో అట్లా పిలిచేవారని, వాయించేవాళ్ల జట్టుకు ఆ పేరు తర్వాత వచ్చిందని కొందరంటారు. అదంతా చదివి వినిపించాను.

"అంటే ఆ మాట లోపల పాట గిట్ల ఏం లేదా?"

"లేదు నాయినా. కలిసి ఉండుడే."

మర్నాడు ఆయన ఎర్ర కోటు ఇస్త్రీ చేయించుకొచ్చాడు. డ్రమ్ము వాయించే పెద్దాయన దగ్గరికి పోయి, ఊదలేకున్నా వరుసలో నడుస్తానన్నాడు. ఆయన కాదనలేదు.

కోదాడలో పెళ్లి. నాయన కాలు ఇంకా తడబడుతోందని నేనూ వెంట వెళ్లాను. ఊరేగింపులో ఆయన క్లారినెట్‌ను పెదవులకు ఆనించి వేళ్లు మాత్రం ఆడిస్తున్నాడు. పెళ్లికూతురి మేనమామ గమనించాడు.

"ఆయన ఊదట్లేదు కదండీ."

"ఆయన మాతోటే ఉంటడు సార్," అన్నాడు పెద్దాయన.

"ఉండనివ్వండి. కాస్త వెనక నడవమనండి, వీడియో తీస్తున్నారు."

నాయన విన్నాడు. ఒక వరుస వెనక్కి జరిగాడు. ఇంకో వరుస జరిగాడు. చివరికి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"జర చెయ్యి పట్టు బిడ్డా, పోదాం."

ఆ తర్వాత ఏ పెళ్లికీ పోలేదు. శ్రావణంలో మళ్లీ పక్షవాతం వచ్చి, దవాఖానలో మూడో రోజున పోయాడు. ఆ రోజు బ్యాండు మిర్యాలగూడలో ఉంది. ఏ వాయిద్యమూ లేకుండానే నాయనను సాగనంపాం.

మర్నాడు పొద్దున్నే బ్యాండువాళ్లు ఆరుగురూ వట్టి చేతులతో వచ్చారు. పెద్దాయన గడప దగ్గరే కూలబడ్డాడు.

"నిన్ననే రావాల్సి ఉండె బిడ్డా. ఒప్పుకున్న పెండ్లి, ఇడిసిపెట్టి రాలేకపోయినం."

అప్పటిదాకా వాళ్ల మీద కోపంగానే ఉన్నాను. ఆయన్ను రెక్క పట్టి లేపి లోపల కూర్చోబెట్టాను. పక్కింటివాళ్లు తెచ్చిన చాయ్ పోసి ఇచ్చాను. తాగి, గ్లాసులు తామే కడిగి బోర్లించి వెళ్లారు.