నీలం పట్టాకు రెండో కొస

డాఫిన్ ఊళ్లో స్టెఫానియా ప్రొసిక్ చేతి పెరోగీ కుడుములు తినని నోరు లేదు. బడి వంటగదిలోనూ, చర్చి కింది హాల్లోనూ పిండి కలపడంలోనే ఆవిడ వయసంతా గడిచింది. రిటైరయ్యాక కూడా ఆ చేతులు ఊరుకోలేదు. ఈ వేసవిలో మాత్రం ఆవిడ కలపబోయింది పిండి కాదు, కాంక్రీటు.

అందుకు కారణం వంటింటి కిటికీ దగ్గర కూర్చుని ఉంది. చలికాలంలో పక్షవాతం వచ్చి భర్త వాసిల్‌కు ఎడమ వైపు పట్టు తప్పింది. వాకర్ తోసుకుంటూ ఇంట్లో తిరుగుతాడు గానీ, పెరట్లో అడుగుపెడితే దాని చక్రాలు మట్టిలో దిగబడతాయి. పెరటి చివర ఆయన వెల్లుల్లి మడి ఉంది. పెళ్లయిన నాటి నుంచీ ఆ మడి జోలికి ఎవరు వెళ్లినా “ముట్టుకోకు, అది నాది” అని కసిరేవాడు. అలాంటి మనిషి మొన్న, “నువ్వే తవ్వేసుకో స్టెఫీ. నేనింక ఎందుకూ పనికిరాను” అన్నాడు. ఆసుపత్రిలో కూడా ఏడవని ఆవిడ ఆ మాటకు ఏడ్చింది.

మర్నాడే మడి దాకా కాంక్రీటు పలకలు పరవాలని నిశ్చయించుకుంది. పక్కింటి లోర్న్ కంచె మీంచి తొంగి చూశాడు.

“మా కాంక్రీటు మిక్సరు బావమరిది దగ్గరుందమ్మా. సెప్టెంబరు దాకా ఓపిక పట్టండి.”

“వెల్లుల్లి పడుతుందా ఓపిక, నీ మిక్సరు కోసం?”

కాంక్రీటు పారతో తిరగేస్తే సగంలోనే భుజం పట్టేసింది. పని తేలికవుతుందని నీళ్లు దండిగా పోసి, తొట్లో గరిటెతో తిప్పినట్టు తిప్పి, పాత బేకింగ్ ట్రేలో పోసింది. ఆరాక ఎత్తితే పలక రెండు ముక్కలైంది. కిటికీలోంచి పెద్ద నవ్వు వినబడింది.

“కాంక్రీటు కలిపావా, బోర్ష్ట్ చారు కాచావా?”

ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో! లోపల పొంగిపోతూనే పైకి మొహం ముడుచుకుంది.

అప్పుడు గుర్తొచ్చాయి, ఎండిన బీన్స్. పొట్టు రాలడానికి ఇద్దరూ దుప్పటికి చెరో కొస పట్టి దొర్లించేవాళ్లు. కట్టెల మీద కప్పిన నీలం ప్లాస్టిక్ పట్టా లాక్కొచ్చి నేల మీద పరిచింది. ఇసుక, కంకర, సిమెంటు కలిపి అమ్మే బస్తాలోంచి సగం కుమ్మరించి, మధ్యలో గుంట చేసి, కాసిని నీళ్లు పోసింది. ఇటు కొస ఎత్తి దొర్లించి, అటు పరుగెత్తి ఆ కొస ఎత్తి, మళ్లీ ఇటు పరుగు.

“ఏమిటా పరుగులు? బీన్స్ ఇలాగే దొర్లించామా?” కిటికీ అరిచింది.

“రెండో కొస పట్టేవాడు కుర్చీ దిగడం లేదుగా మరి!”

కాసేపటికి వెనక తలుపు కిర్రుమంది. వాకర్ గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ పట్టాను గుమ్మం దగ్గరకు లాగి, ఆయనకు కుర్చీ వేసి, కుడి చేతికి రబ్బరు తొడుగు తొడిగి కొస అందించింది. ఆయన లాగాడు. బరువంతా ఆవిడ వైపు దొర్లింది. ఆవిడ లాగింది. అటూ ఇటూ దొర్లుతుంటే పొడి మరకలు పోయి ముద్ద ఒకే రంగుకొచ్చింది. భుజానికి నొప్పే తెలియలేదు.

“ఇంకాసిని నీళ్లు పొయ్యనా?”

“పోశావంటే చూడు! పిడికిట్లో పడితే నిలవాలి. పెరోగీ పిండి కలిపేదానివి, నేర్పాలా నీకు?”

ఆ రోజు నుంచి పెత్తనమంతా ఆయనదే. ట్రే తట్టమనేవాడు, తడిగుడ్డ కప్పమనేవాడు, పలక వంకరని గొణిగేవాడు. “ఈ ముసలాడితో వేగలేకపోతున్నాను” అని ఆవిడ లోర్న్‌తో చెప్పుకుంది, నవ్వు దాచుకోలేక.

వెల్లుల్లి ఆకులు పసుపెక్కి పీకే వేళకు దారి పూర్తయింది. వాకర్ పలకల మీద గడగడమంటూ మడి దాకా వెళ్లింది. ఆవిడ ముందే మట్టి గుల్ల చేసి ఉంచింది. ఆయన వాకర్ సీటు మీద కూర్చుని, వంగి మొదటి మొక్కను పట్టి లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. చూడలేక ఆవిడ వంగి చెయ్యి సాచింది.

“ముట్టుకోకు!” కసిరాడు వాసిల్. “అది నాది.”

స్టెఫానియా గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. తిట్టు తిని ఇంత సంతోషపడడం ఆవిడకు జన్మలో అదే మొదలు.